గోల్కొండ నయాకిల్లాలో గాల్ఫు ఆట

బల్కంపేట యనగానే మన నగర స్త్రీలకు ఎల్లమ్మ తల్లి స్ఫురించును. నేలమట్టమునకు దిగువన నూతిలో శయనించియున్న ఆ తల్లి కల్యాణమునకు ఆషాఢమాసమున వచ్చు జనముతో అమీరుపేట దారులన్నియు నిండిపోవును. అట్టి పేటలో కాపురముండు మేము గాల్ఫు ఆటను గూర్చి వ్రాయబూనుట కొందరు సోదరీమణులకు వింతగా తోచవచ్చును. అది ధనవంతులైన పురుషుల పొద్దుపోక యని తలచువారే పెక్కుమంది. మా అన్నగారి కుమార్తె యొకతె ఈ ఆట నేర్చుచున్నది. అర్భకపు పిల్ల, బలమైన చేయి కాదు. "దూరము కొట్టలేని పిల్లకు ఈ ఆట యెందుకు?" అని ఇంటిలో పెద్దలు సణుగుచుండగా, సంగతి యేమో కన్నులార చూతమని మేమును మా తోడికోడలును ఆమె వెంట మూడుదినములు వేకువజామున బయలుదేరితిమి.

బల్కంపేటనుండి పంజగుట్ట, మాసాబుట్యాంకు, మెహిదీపట్టణము, టోలిచౌకి దాటి గోల్కొండ చేరవలెను. ఆ వేళకు దారి ఖాళీగానే యుండును. వచ్చునప్పటి సంగతి చెప్పనక్కరలేదు.

గాల్ఫు మైదానమున్న భాగమును నయాకిల్లా, అనగా క్రొత్తకోట యందురు. ఇది పెద్దకోటకు ఈశాన్యమున నున్నది. 1656లో ఔరంగజేబు రాకుమారుడుగా నుండి గోల్కొండను ముట్టడించినపుడు, కోట వెలుపలనున్న ఈ మిట్టనేల శత్రువు ఫిరంగులకు ఎంత అనుకూలమో అబ్దుల్లా కుతుబుషా గ్రహించెను. పిమ్మట దానికిని గోడ చుట్టించి కోటలో కలిపివైచెను. 1687లో ఔరంగజేబు మరల వచ్చి, ఎనిమిది మాసములు కాచుకొనియు గోడ పగులగొట్టలేక, లోపలివారు తలుపు తీయగా మాత్రమే ప్రవేశించెను. బాలాహిస్సారు ద్వారమును చూచినవారికి మరియొక సంగతి జ్ఞాపకముండును: వాకిటి కెదురుగా అడ్డుగోడ గలదు. ఏనుగు పరుగెత్తివచ్చి తలుపు కుమ్ముటకు వీలులేక, వంపు తిరిగి నెమ్మదిగా రావలసినదే. గాల్ఫు మైదానమును రచించువారి బుద్ధియు ఇట్టిదే యని ఆ మూడుదినములలో మాకు బోధపడినది.

ఆట సంగతి క్లుప్తముగా చెప్పెదము. హోలు అను మాటను వారు రెండర్థములలో వాడుదురు. బంతి పడవలసిన గుంటయు హోలే. బయలుదేరు తావునుండి ఆ గుంటవరకు గల దారియంతయు హోలే. ఇట్టి దారులు 18. బయలుదేరు తావు పేరు టీ; మన వంటింటి టీకిని దీనికిని సంబంధము లేదు. నడుమ కత్తిరించిన పచ్చిక బాట ఫెయిర్వే. చివర గుంట చుట్టును తివాచివలె నుండునది గ్రీను. గుంట అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు మాత్రమే. హోలు పొడవును బట్టి మూడో, నాలుగో, అయిదో దెబ్బలని లెక్క కట్టి దానిని పార్ అందురు. అందులో రెండు దెబ్బలు గ్రీనుమీద దొర్లించుటకే కేటాయించియుందురు. సంచిలో 14 కఱ్ఱలకు మించి యుండరాదు. తక్కువ దెబ్బలతో ముగించినవారిది గెలుపు.

ఇక ఉపాయముల సంగతి. మా మేనకోడలు టీ యొద్ద నిలిచి కఱ్ఱ తీయకముందే దూరముననున్న జెండావైపు చూచి గొణుగుకొనుచుండును. ఏమని అడుగగా, "వెనుకనుండి లెక్క పెట్టుచున్నాను, అత్తమ్మా" అన్నది. జెండా గ్రీనునకు కుడి అంచున నున్నది. దాని ముందర కుడిప్రక్కనే ఇసుకగొయ్యి యున్నది. అయినచో చివరిదెబ్బ ఎడమప్రక్కనుండి కొట్టుట మేలు. ఎడమనుండి కొట్టవలెనన్న మొదటి బంతి ఎచ్చట ఆగవలెను? ఇట్లు గుంటనుండి టీవరకు వచ్చి, అప్పుడు కఱ్ఱ ఎన్నుకొనును. ముహూర్తము పదిగంటలకని తెలిసిన ఇల్లాలు తలంటులు ఎప్పుడు, వంట ఎప్పుడు, పొయ్యి వెలిగించుట ఎప్పుడు అని వెనుకకు లెక్కించుకొనుట యిట్టిదే గదా!

వంపు తిరిగిన హోలున అందరికిని ఆశ పుట్టును: మూలమీదుగా బంతిని ఎగురగొట్టినచో దారి తగ్గునని. కొట్టగలవారికి తగ్గును, కొట్టలేనివారి బంతి చెట్లలో పడును. బలము చాలనివారు వంపునకు వెలుపలి అంచున బంతిని నిలుపుకొందురు. దూరము కొంత పెరిగినను అచ్చటనుండి గ్రీను తెరచిన వాకిలివలె కనబడును.

నీరు అడ్డమున్నచోట మరియొక నియమము. దాటగలమో లేదో అను సందేహమున్నంతవరకు దాటబోరాదు. నీటిలో పడిన బంతికి ఒక దెబ్బ దండుగ. మరల ఇవతలనుండియే కొట్టవలసివచ్చిన ఆ దెబ్బయు నష్టమే. అందుచేత నీటికి ఇవతలనే, తనకు బాగుగా అలవాటైన కఱ్ఱకు సరిపోవు దూరమున ఆపుకొందురు. "ఎంత దగ్గరకు వీలైన అంత దగ్గరకు" అని కొట్టుటకంటె, "నాకు చేతనైన దూరమునకు" అని కొట్టుటలోనే తెలివి యున్నదట. ఈ మాట మా తోడికోడలికి మిక్కిలి నచ్చినది.

గోల్కొండ నేల రాతినేల. గుండుకు తగిలిన బంతి ఎటు పోవునో బ్రహ్మకైన తెలియదు. గుండ్లనడుమ ఇరుకుకొన్న బంతిని కొట్టబోయి కఱ్ఱయు మణికట్టును పాడుచేసికొనువారు గలరట. నియమములలో దానికొక దారి యున్నది. ఈ బంతి ఆడుటకు వీలుకానిదని ఆడువారే నిర్ణయించి, ఒక దెబ్బ దండుగ ఒప్పుకొని, గుంటకు దగ్గరకాకుండ రెండు కఱ్ఱల పొడవులోపల తీసి వేసికొనవచ్చును. లేదా ముందు కొట్టిన తావునకే తిరిగి పోవచ్చును. ఒక దెబ్బ పోయిన పోనిమ్మని వెంటనే ఒప్పుకొనువారు ఒకదానితో బయటపడుదురు. పౌరుషమునకు పోవువారు నాలుగైదు పోగొట్టుకొందురు.

ఋతువునుబట్టియు ఆట మారును. వేసవిలో గట్టిపడిన నేలమీద బంతి చాలదూరము దొర్లును గనుక గ్రీనునకు ముందే దింపి దొర్లనిత్తురు. వానకాలమున తడిపచ్చికలో బంతి పడినచోటనే నిలుచును. పైగా పడమటి గాలి ఎదురైనప్పుడు ఒక కఱ్ఱ పెద్దది తీయవలెను. జెండా ఇసుకగోతి వెనుక దాగినప్పుడు జెండాను మరచి గ్రీను నడిమికి కొట్టవలెను. గ్రీను వాలుగా నున్నచో గుంటకు దిగువన బంతి నిలుపుకొనవలెను. ఎగువకు దొర్లించుట సులువు, దిగువకు దొర్లించిన బంతి జారిపోవును.

ఇంతకును బలములేని చేయికి ఈ ఆట యెందుకను ప్రశ్న మిగిలినది. దానికి మేనకోడలి జవాబు అదితి అశోక్. టోక్యో ఒలింపిక్సు పోటీలలో, అనగా 2021 ఆగస్టున, ఈ బెంగుళూరు యువతి నాలుగు దినములు 72 హోళ్లు ఆడి నాలుగవ స్థానమున నిలిచినది. కంచుపతకము ఒక్క దెబ్బలో తప్పిపోయినది. దూరము కొట్టుటలో ఆమెను మించినవారు పెక్కుమంది; గ్రీనుమీదను దాని చుట్టుప్రక్కలను ఆమె నేర్పు ఆమెను అంతవరకు తెచ్చినది. ఆ దినములలో ఆమె కఱ్ఱల సంచి మోసినది కన్నతల్లియే. ఈ మాట విన్నపిదప మా ఇంటి పెద్దల సణుగుడు కొంత తగ్గినది.

స్త్రీలకు ఈ ఆట సులువుగా లభింపలేదు. ఆటకు పుట్టినిల్లని పేరుపొందిన స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూసున 1867లో స్త్రీలకొక సంఘము వెలసినది గాని, వారు ఆడినది గ్రీనుమీది దొర్లింపు ఆట మాత్రమే. అచ్చటి ప్రసిద్ధమైన పురుషుల క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు సమ్మతించినది 2014లో! నేడు మైదానములలో స్త్రీలు సాధారణముగా ముందున్న టీలనుండి ఆడుదురు. హాండికాపు అను లెక్కవలన తాతగారును మనుమరాలును సరిసమానముగా పోటీపడవచ్చును.

ఈ మైదానమునుగూర్చి ఒక మాట దాచక చెప్పవలెను. ఇచ్చట ముల్లా ఖయాలీ మసీదును, ఆఫ్రికా దేశపు బోబాబు జాతికి చెందిన ఒక మహావృక్షమును గలవు. దానిని ఏనుగుచెట్టు అందురు. బోదె చుట్టు మేమిద్దరము చేతులు చాచిన ఒక మూలకైనను చాలలేదు. పురాతత్త్వశాఖవారు త్రవ్వగా కుతుబుషాహీల ఉద్యానమునకు చెందిన నీటికాలువలు బయటపడినవి. ఇట్టి స్థలమున గాల్ఫు తగునా యని చాలకాలముగా వాదము జరుగుచున్నది. మేనకోడలిపై ప్రేమయున్నను మేము ఆక్షేపించువారి పక్షమే. పచ్చికను మరియొకచోట పెంచవచ్చును; అబ్దుల్లా కుతుబుషా కట్టించిన గోడను మరల కట్టలేము. ఆట సాగినన్నాళ్లయినను, చెట్టును మసీదును చూడవచ్చు బడిపిల్లలకు అడ్డులేని దారి యుండవలెను. ఈ మాట మేనకోడలితోనే అంటిమి. ఆమె కొంతసేపు మాటలాడక, "నిజమే, అత్తమ్మా. కాని ఆడపిల్లలకు వేరే మైదానము ఎవరు చూపుదురు?" అన్నది. దానికి మా వద్ద జవాబు లేకపోయెను.

నేర్చుకొన గోరు సోదరీమణులు మైదానమునకు పోకముందే ఇంట ఆరంభింపవచ్చును. వరండాలో చాప పరచి, చివర స్టీలుగ్లాసు నొకదానిని పక్కకు పడవేసి, రెండడుగుల దూరమునుండి బంతిని దొర్లించుచు, పదింట పది పడిన పిదప మూడడుగులకు జరుగవలెను. మా తోడికోడలు ప్రస్తుతము మూడడుగుల వద్ద నున్నది.