ఇంట్లో దిగిన మృదంగం

ఏప్రిల్ 16, క్లీవ్‌లాండ్

సాయంత్రం మళ్ళీ మంచు. విమానం ఆలస్యమై మృదంగం ఆయన ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. బూట్లు విప్పుతూనే, "అక్కయ్యా, బొంబాయి రవ్వ ఉందా?" అన్నాడు. ఉప్మాకి కాదు, మృదంగం తొప్పికి. తడిపిన రవ్వ ముద్ద అంటిస్తేనే ఆ ఎడమ పక్క గుమ్కి పలుకుతుంది. హీటర్ల పొడిగాలికి చర్మం బిగిసి శ్రుతి పైకి పోతుందని ఆయన గదిలో హ్యూమిడిఫయర్ ముందే పెట్టాను. సంగీతం నేర్చుకోకపోయినా ఇన్నేళ్ళ ఆతిథ్యంతో ఈ మాత్రం వచ్చింది.

ఏప్రిల్ 17

పొద్దున్నే మెట్ల మీదుగా మిశ్రచాపు తాళం వినిపించింది. నేను వంటింట్లోనే ఉండిపోయాను. మొదట్లో అయితే కాఫీ పట్టుకెళ్ళి పక్కన కూర్చునేదాన్ని, పక్కింటివాళ్ళను పిలిచి చూపించేదాన్ని. ఆయనేమీ అనలేదు. మొహమాటస్తుడు.

ఇక్కడ త్యాగరాజ ఆరాధన మొదలైంది 1978లో, ఒక చర్చి బేస్‌మెంట్‌లో. ఇప్పుడు క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ హాళ్ళలో రోజుల తరబడి జరుగుతుంది. తిరువయ్యారులో పుష్య బహుళ పంచమికి కావేరి ఒడ్డున కూర్చుని పాడతారు. ఆ చలిరోజుల్లో మా లేక్ ఈరీ ఒడ్డున నిలబడడమే కష్టం. ఈస్టర్ ప్రాంతమే మనకి నయం.

ఏప్రిల్ 20

ఇవాళ పంచరత్న కీర్తనలు. వేదిక మీద విద్వాంసులు, కింద పట్టుబట్టల్లో పిల్లలు. వరాళి రాగాన్ని ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు పడదంటారు. ఈ పిల్లల్లో సగం మంది ఆన్‌లైన్‌లో నేర్చుకున్నవాళ్ళు, ఆ గండం తప్పింది. శ్రీరాగానికి వచ్చేసరికి నా పక్కావిడ పుస్తకం మూసేసి పాడింది. నేనూ గొంతు కలిపాను, ఎవరికీ వినపడనంతగా.

ఏప్రిల్ 21

రాత్రి మా మృదంగం ఆయన వాయించాడు (మా ఇంట్లో దిగినవాళ్ళందరూ మావాళ్ళే). తని ఆవర్తనానికి జనం కాఫీకి లేస్తారు కదా, నేను కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ అంతకుముందు గాయకురాలు నెరవు పాడుతుంటే మృదంగం పాట మీదికి వచ్చేసింది. కుడి పక్క మైకు ఎక్కువ పెట్టించుకున్నాడు, గాయకురాలు రెండుసార్లు ఇటు తిరిగి చూసింది.

ఇదే ఊరు పేరు తెలియని కళాకారుడయితే కారెక్కగానే అనేసేదాన్ని. మన చేతి చారు తాగినవాడి కచేరీ తూచడం కష్టం. ఉత్సవాలకూ ఈ చిక్కు ఉంటుందేమో. ఏటేటా వచ్చేవాళ్ళు చుట్టాలైపోతారు, చుట్టాల పాట ఎప్పుడూ బాగానే ఉంటుంది. కొత్తవాడు వస్తే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఏప్రిల్ 22

పెసరట్టు వడ్డిస్తుంటే ఆయనే అడిగాడు. "ఎలా ఉందక్కయ్యా?"

"తని బాగుంది. నెరవులో పాట వినపడలేదు."

తల ఎత్తలేదు. రెండో అట్టు వేయించుకున్నాడు, మూడోది వద్దన్నాడు. మామూలుగా నాలుగు తింటాడు. మధ్యాహ్నం గదిలోంచి వాయిద్యం వినిపించలేదు. సాయంత్రం వచ్చి, "ముందు వరసలో కూర్చున్నారా, వెనకా?" అన్నాడు. వెనక అన్నాను. "వెనక కూడా వినపడకపోతే తప్పు నాదే," అని టీ అడిగాడు.

ఏప్రిల్ 26

ఉత్సవం తర్వాత ఊరూరా కచేరీలు. నిన్న పిట్స్‌బర్గ్‌కి కారులో పంపాను. రవ్వ పొట్లం కట్టిచ్చాను, అక్కడ దొరకదని కాదు, అడగడానికి మొహమాటపడతాడని.

రాత్రి ఫోను. మైకు తగ్గించాడట, పాట వెనక వరస దాకా వెళ్ళిందట. "తని మాత్రం తగ్గించలేదు," అన్నాడు. అక్కడ దిగిన ఇంటివాళ్ళు ఎంతో ప్రేమగా పూటపూటా కూరగాయల బిర్యానీ పెడుతున్నారట, ఈయనకేమో పెరుగన్నం కావాలి. ఆ ఇల్లాలి నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను.