పాతిక అడుగుల లోతున

పోయిన జనవరిలో నేను సముద్రపు అడుగును చూసి వచ్చాను. ఈ మాట వినగానే మా సంఘ పెద్ద ఒకాయన "యోనాలాగానా అయ్యగారూ?" అని నవ్వారు.

మా బావమరిది అండమానులో ఉద్యోగి. పోర్టుబ్లెయిరులో (2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) శ్రీకాకుళం వైపు నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి ఆరాధనలో వాక్యం చెప్పడానికి నన్ను పిలిపించి, ఆ తర్వాత మమ్మల్ని హేవ్‌లాక్ ద్వీపానికి తీసుకువెళ్ళాడు. 2018 నుండి అది స్వరాజ్ ద్వీప్. ఎవరూ అడగకముందే చెబుతున్నాను, ఖర్చంతా అతనిదే, కానుకల పెట్టెలోది కాదు.

"బావగారూ, రేపు మీరు స్కూబా చేయాలి" అన్నాడు. నా గుండె జారిపోయింది. నాకు పదకొండేళ్ళప్పుడు మా తమ్ముడు ఊరి కాలువలో మునిగిపోయాడు. నేను గట్టు మీదే ఉన్నాను. అప్పటి నుండి మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగలేదు. బాప్తిస్మము ఇవ్వవలసిన సేవకుడికి ఇదెంత సిగ్గు! నడుము నొప్పి అని చెప్పి, పెద్దను నీళ్ళలోకి దింపి, నేను రేవు మెట్టు మీద నిలబడి ప్రార్థన చేస్తూ వచ్చాను. ఆ నడుము నొప్పి అబద్ధం.

"ఈ సాకు ఇంకెన్నాళ్ళండీ?" అంది నా భార్య. అందుకే ఒప్పుకున్నాను, ధైర్యం వచ్చి కాదు.

ఉబ్బసం, గుండెజబ్బు లేవని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఈత రాకపోయినా ఫరవాలేదట. నేర్పించే బెంగాలీ కుర్రవాడు హిందీలో ఓపికగా చెప్పాడు. సిలిండరులో ఉండేది మనం పీల్చే గాలే, ఒత్తి నింపుతారు. నోటితోనే పీల్చాలి. చెవులు నొప్పి పెడితే ముక్కు పట్టుకొని మెల్లగా ఊదాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైకంటే రెండింతలు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. భయం వేస్తే నేను మొదట చేసేది ఊపిరి బిగబట్టడమే!

రొమ్ము లోతు నీళ్ళలోనే రెండుసార్లు గాలిగొట్టం ఉమ్మేసి లేచి నిలబడ్డాను. మూడోసారి అతను నా చేయి వదలలేదు.

పాతిక అడుగులు దిగాం. ప్రసంగాలు చేసే నోరు మూతబడింది, మనసులోనే ప్రార్థించాను. మన కోసిన క్యాలీఫ్లవర్ల వంటి పగడాలు. అవి రాళ్ళు కావు, ప్రాణులు. 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలా తెల్లబారాయట. కుట్టే కొమ్మల మధ్య ఒక నారింజరంగు చేప నిర్భయంగా తిరుగుతోంది. సంతోషం పట్టలేక బొటనవేలు పైకెత్తాను. ఆ సైగకు అక్కడ "పైకి పోదాం" అని అర్థం! కుర్రవాడు నన్ను పైకి లాగబోతే తల అడ్డంగా ఊపాను. ఇంకాసేపు ఉండాలని నేనే కోరుకున్నాను.

అప్పుడు పైకి చూశాను. నీటి పైభాగం వెండి రేకులా కదులుతోంది, దాని నుండి వెలుగు దిగుతోంది. మా తమ్ముడు చివరగా చూసింది ఇదేనా అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా వాడికి చీకటే మిగిలిందనుకున్నాను. అద్దాల మాస్కులో కన్నీళ్ళు నిండాయి. కుర్రవాడు నీళ్ళు చొరబడ్డాయనుకొని, వాటిని ఊదేయడం చూపించాడు.

మార్చిలో మా కాలువలో నలుగురికి బాప్తిస్మము. పెద్ద అలవాటు చొప్పున పంచె ఎగగట్టి దిగబోతుంటే ఆపాను.

"నడుము నొప్పి తగ్గిందా అయ్యగారూ?"

"అది ఎప్పుడూ లేదు" అన్నాను.

ఆయన కాసేపు నా మొహం చూసి చేయి అందించారు. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. నీళ్ళు నడుము దాటేదాకా ఆ చేయి పట్టుకొనే దిగాను.