రాక్షస మూషికాలూ, మా ఊరి పందికొక్కూ

ఎలుకల మీద ఇంత పొడుగు టపా రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. తప్పు నాది కాదు, నా మేనల్లుడిది. వేసవి సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మా చెల్లెలి పిల్లలిద్దరూ పెట్టెలోంచి బట్టలకంటే ముందు మూడు లావుపాటి పుస్తకాలూ, గుప్పెడు చిత్రమైన పాచికలూ బయటికి తీశారు. నాలుగు ముఖాలది, ఎనిమిది ముఖాలది, ఇరవై ముఖాలది. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. "మావయ్యా, ఆట నడిపించడానికి ఒక పెద్దమనిషి కావాలి, నువ్వుంటావా?" అన్నాడు పదమూడేళ్ళ మేనల్లుడు. ఉంటానన్నాను, ఒక్క షరతు మీద. ఆట మొత్తం తెలుగులో సాగాలి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు వెలువరించిన ఆట ఇది. ఆడేవారు తలా ఒక పాత్ర ధరించి, "నేను తలుపు తోస్తున్నాను", "నేను కత్తి దూస్తున్నాను" అని చెబుతూ పోతారు. తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. ఒక్కరు మాత్రం పాత్ర ధరించక, ఆ లోకాన్నీ, అందులోని మనుషుల్నీ, రాక్షసుల్నీ తానే అయి పలుకుతారు. పిల్లలు ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. నేను 'సూత్రధారి' అన్నాను. మన నాటకాలలో ఎన్నాళ్ళుగానో ఉన్న మాట, కొత్తగా పుట్టించనక్కరలేదు. హిట్ పాయింట్లకు 'ప్రాణాంకాలు' అన్నాను. మేనల్లుడు ముఖం చిట్లించినా అడ్డు చెప్పలేదు.

ఈ తరహా ఆటలలో ఒక ఆచారం ఉంది. కొత్త వీరులకు మొదటే మహాసర్పాన్ని ఎదురు పంపరు. పూటకూళ్ళ ఇంటి యజమాని వచ్చి, "అయ్యా, మా నేలమాళిగలో ఎలుకలు చేరాయి, కాస్త చూడండి" అంటాడు. ఎందరెందరు వీరుల ప్రతాపమో ఎలుక మీదనే మొదలైంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఈ ఆట కోసమే పుట్టిందా అనిపిస్తుంది. మన పల్లెటూరి ఇళ్ళకు నేలమాళిగలెక్కడివి? అందుకని నేను నేలమాళిగను తీసివేసి, ఒక గ్రామంలోని ఉమ్మడి ధాన్యపు కొట్టును పెట్టాను. రాత్రికి రాత్రి బస్తాలు మాయమవుతున్నాయి, కాపలాదారు ఎలుకలంటున్నాడు, పోయి చూడమన్నాను. ఇక ఆ ఎలుకలకు పేర్లు కావాలి.

పుస్తకం తిరగేస్తే ఎలుకలలో ఇన్ని జాతులా అని ఆశ్చర్యపోయాను. 2014 నాటి రాక్షసుల గ్రంథంలో మామూలు ఎలుకకు ఒకే ఒక ప్రాణాంకం. ఒక్క దెబ్బకు పోతుంది. దానిపైన 'జెయింట్ ర్యాట్', ఏడు ప్రాణాంకాలు. ఇది ఒంటరిగా ఉంటే బలహీనమే గాని, పక్కన తోడు ఉంటే గురి పెరుగుతుంది. 1977 నాటి గ్రంథంలో ఈ పెద్ద ఎలుకకు 'సుమత్రా' అన్న విశేషణం కూడా తగిలించారు. అది షెర్లాక్ హోమ్స్‌కు నమస్కారం. 1924లో వచ్చిన ఒక కథలో హోమ్స్ సుమత్రా రాక్షస ఎలుక ఉదంతాన్ని ప్రస్తావించి, లోకం ఇంకా దానికి సిద్ధంగా లేదని ఊరుకుంటాడు. ఆ చెప్పని కథ ఇంతమంది చేత ఇన్ని ఎలుకలను పుట్టించింది.

దీనికి నేను 'మహామూషికం' అని గంభీరంగా పేరు పెట్టబోతే మా అమ్మ వంటింట్లోంచి, "అంత పెద్ద ఎలుకను పందికొక్కు అంటార్రా" అంది. నా తల మీద మొట్టికాయ వేసినట్టయింది. ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అన్న మాట మన పందికొక్కు నుంచి వెళ్ళినదే. పందిలాంటి కొక్కు. కిలో బరువుదాకా తూగుతుంది. జంతుశాస్త్రజ్ఞులు 1873లో ఈ ప్రజాతికి 'బ్యాండికోటా' అని పేరు పెట్టుకున్నారు. తెల్లవాళ్ళు ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉన్న వేరే జంతువును చూసి దానికీ ఈ పేరే అంటించారు. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో ఆటలో కథానాయకుడు ఆ ఆస్ట్రేలియా జంతువే. మేనల్లుడికి ఆ ఆట బాగా తెలుసు. "అంటే క్రాష్ పందికొక్కా!" అని అరగంట నవ్వాడు. ఊహాలోకాలకు రాక్షసుల పేర్లు అరువు తెచ్చుకుందామని కూర్చున్న నాకు, మనం ఎప్పుడో అప్పిచ్చామని తెలిసింది.

రెండవది ఎలుకల గుంపు. పుస్తకంలో దీన్ని అనేక ప్రాణులుగా కాక ఒకే శరీరంగా లెక్కిస్తారు. ఇరవైనాలుగు ప్రాణాంకాలు. కత్తితో నరికినా, గదతో మోదినా సగం దెబ్బే తగులుతుంది. ఒక ఎలుకను కొడితే తక్కినవి ఉండనే ఉన్నాయి కదా. 'మూషికదండు' అన్నాను. ఇందులో కల్పన తక్కువ. ఎలుక బలం దాని పంటిలో కంటే లెక్కలో ఉందని రైతులెవరిని అడిగినా చెబుతారు.

మూడవది రోగపుటెలుక. దాని కాటు తగిలితే గాయం మందుమాకులతో మానదు, రోజురోజుకూ గరిష్ఠ ప్రాణాంకాలు తరిగిపోతాయి, మంత్రమే శరణ్యం. ఈ కల్పన వెనక ప్లేగు ఉంది. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ ఆ క్రిమిని కనిపెట్టాడు. 1896లో జబ్బు బొంబాయిలో అడుగుపెట్టింది. 1898లో కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎలుకల మీది గోమార్ల ద్వారా వ్యాధి సోకుతుందని చూపాడు. ఎలుక రాలితే ఊరు ఖాళీ చేసి పొలాలలో పాకలు వేసుకునేవారని పెద్దలు చెప్పేవారు. ఇక్కడ నాకు ఒక సంగతి తట్టింది. ఆటలో ఎలుక రోగాన్ని మోసే శత్రువు. నిజంలో ఆ రోగానికి మనకంటే ముందు చచ్చేది ఎలుకే.

నాలుగవది ఎలుక రూపం దాల్చగల మనిషి, 'వేర్‌ర్యాట్'. వెండి ఆయుధమో, మంత్రించిన ఆయుధమో అయితే తప్ప దెబ్బ తగలదు. 'మూషికమానవుడు' అని నేనంటే, "మనిషెలుక అంటే చాలదా మావయ్యా" అంది పదేళ్ళ మేనకోడలు. చాలుతుంది. నా సంస్కృత సమాసంకంటే పిల్ల కట్టిన మాటే బాగుంది. ఈ మనిషెలుకలకు వంశచరిత్ర ఉంది. గైగాక్స్ తనకు స్ఫూర్తినిచ్చిన రచయితలలో లెక్కించిన ఫ్రిట్జ్ లైబర్, 1968 నాటి నవలలో నగరం కింద మరో నగరం కట్టుకున్న తెలివైన ఎలుకలను చిత్రించాడు. 1986లో వార్‌హామర్ అనే మరో ఆటలో 'స్కేవెన్' అనే ఎలుకజాతి వచ్చింది. ఆ లోకపు ప్రజలలో ఎక్కువమంది అలాంటి జాతి ఉందనే నమ్మరు. కళ్ళముందు దోచుకుంటున్నా లేరనడం, ఇది మాత్రం కల్పనలా తోచలేదు. పందికొక్కుల్లా మెక్కారు అని మనం అనేది ఎలుకలను గురించి కాదు కదా. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2017లో బీహారులో పట్టుకున్న మద్యాన్ని ఎలుకలు తాగేశాయని పోలీసులు చెప్పినట్టు పత్రికలు రాశాయి. అక్కడ మనుషుల పద్దు ఎలుక ఖాతాలో పడింది.

ఐదవది నాకు అన్నిటికంటే నచ్చినది. 1994లో ప్లేన్‌స్కేప్ అనే లోకంతో పాటు వచ్చిన 'క్రేనియం ర్యాట్'. మెదడు పైకి కనబడుతూ ఉంటుంది. ఒకటి రెండు ఉంటే వట్టి ఎలుకలే. సంఖ్య పెరిగేకొద్దీ అందరి బుద్ధీ ఒకటై, మంత్రాలు ప్రయోగించేటంత మేధ వస్తుంది. 'మేధోమూషికాలు' అన్నాను. పిల్లలు ఏకకంఠంతో 'బుర్రెలుకలు' అని తీర్మానించారు. నేను ఓడిపోయాను.

ఇలా వరుస పేర్చుకున్నాక అర్థమయింది, ఈ రాక్షసులను కల్పించినవారు ఎలుకకు లేనిది పెద్దగా చేర్చలేదు. ఒకదానిలో దాని ఒళ్ళు పెంచారు, ఒకదానిలో లెక్క, ఒకదానిలో రోగం, ఒకదానిలో మన పక్కనే దాగి బతకడం, మరొకదానిలో తెలివి. ఒక్కటి మాత్రం ఎవరూ పెంచలేదు. ఆకలి.

ఆ రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మ పిల్లలకు క్రౌంచుడి కథ చెప్పింది. ఆ గంధర్వుడు వామదేవ మహర్షి పాదం తొక్కి, శాపవశాన కొండంత ఎలుకై, పరాశరుని ఆశ్రమాన్ని పాడుచేస్తే, వినాయకుడు పాశం వేసి పట్టి వాహనంగా చేసుకున్నాడు. "చంపలేదా?" అని అడిగింది మేనకోడలు. "ఎందుకు చంపడం? ఎక్కి కూర్చున్నాడు" అంది అమ్మ.

మరునాడు ఆటలో వీరులు ధాన్యపు కొట్టులోకి దిగారు. పందికొక్కులు ఎదురయ్యాయి. మేనల్లుడు కత్తి దూశానన్నాడు. మేనకోడలు ధరించినది వనదేవతలను కొలిచే పాత్ర. జంతువులతో మాట్లాడే మంత్రం ఆ పాత్రకు ఉందట, పుస్తకం తెరిచి చూపించింది. "నేను కొట్టను. మీకేం కావాలి అని ఎలుకను అడుగుతున్నాను" అంది. ఇద్దరూ నా వైపు చూశారు. సూత్రధారి కదా, ఎలుక తరఫున నేనే పలకాలి. దాని పొడవు, పంటి పదును, ప్రాణాంకాలు అన్నీ రాసుకున్నాను గాని, అది ఏమంటుందో రాసుకోలేదు.

అప్పుడు గుర్తుకు వచ్చింది కృష్ణా డెల్టాలోని మా ఊరి పొలం గట్టు. కోతలయ్యాక ఎలుకలు పట్టే యానాది పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. కుండకు చిల్లు పెట్టి, అందులో గడ్డి రాజేసి, కలుగు మూతి దగ్గర పెట్టి పొగ ఊదేవాడు. తరవాత పలుగుతో గట్టు తవ్వేవాడు. లోపల వరి వెన్నులు కోసి పేర్చినట్టు ఉండేవి. ఎలుకా, ఆ ధాన్యమూ ఆయనవి. అదే ఆయన కూలి. ఒక ఏడు పంట సరిగా లేదు. ఒక కలుగులోంచి కుంచెడు గింజలు వచ్చాయి. మా తాతయ్య, "మా చేలో పండినది మాదే" అని గోనెలోకి ఎత్తించాడు. ఆయన ఎదురు చెప్పలేదు. "ఎలుక దగ్గర తీసుకున్నాను బాబుగారూ, మీ దగ్గర కాదు" అని మాత్రం అన్నాడు. ఆ గోనె మూతి విప్పి పట్టుకున్నది నేను. నాకు అప్పుడు పదకొండేళ్ళు. మరుసటి ఏడు ఆయన మా చేలవైపు రాలేదు. ఎలుకలు వచ్చాయి.

పిల్లలు ఎదురు చూస్తున్నారు. నేను ఎలుకనై చెప్పాను: "గట్ల మీద రాలినది ఏరుకున్నాం, అది నిజం. బస్తాలు మేము మోయలేం. కొట్టు తాళం ఎవరి మొలలో ఉందో చూడండి." వాళ్ళు వెళ్ళి చూశారు. కాపలాదారే మనిషెలుక అని తేలింది. వాడిని పట్టి ఊరివారికి అప్పగించారు. పందికొక్కులతో ఒప్పందం కుదిరింది. గట్టు మీద రాలిన గింజ వాటిది, కొట్టులోది ఊరిది. చంపకపోతే అనుభవాంకాలు రావేమోనని మేనల్లుడు కాసేపు గొణిగాడు. పుస్తకం తిరగేసి, మాటలతో గెలిచినా సూత్రధారి ఇష్టపడితే ఇవ్వవచ్చునని తానే కనిపెట్టి శాంతించాడు. ఇచ్చాను.

ఆట ముగిశాక అమ్మ అంది, "ఆ ఎలుకల పెద్దాయన సంగతే కదరా చెప్పావు?" అవునన్నాను. "ఆయన పేరేమిటో నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదు. ఎలుకలాయన అనేవాళ్ళం, అంతే. అమ్మకూ తెలియదు. వారం రోజులు కూర్చుని ఐదు రకాల ఎలుకలకు పేర్లు పెట్టాను. ఆయన పేరు అడగాలని ఆనాడు మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తాతయ్య పోయి చాలా కాలమయింది. ఊళ్ళో ఇప్పుడు అడిగినా చెప్పేవారు ఉన్నారో లేదో.

పిల్లలు వెళ్ళిపోయారు. పాచికలు ఒక జత నాకు వదిలి వెళ్ళారు. వచ్చే వేసవికి బుర్రెలుకల కథ సిద్ధం చేయమని ఉత్తరువు. అంతలో మీకొక మనవి. మీ ప్రాంతంలో పందికొక్కును, చుంచెలుకను, చిట్టెలుకను వేరే పేర్లతో పిలిస్తే కింద రాయండి. మీ ఊరి పొలాలలో ఎలుకలు పట్టినవారి పేరు మీకు గుర్తుంటే అది కూడా రాయండి.