జోరు ఎంత? మొత్తం ఎంత?

పిల్లలూ! మీ ఇంట్లో కరెంటు మీటరు చూశారా? అందులో పెరిగే అంకెలే యూనిట్లు. 1,000 వాట్ల నీళ్ళ హీటరు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ అవుతుంది. అదే యూనిట్‌తో 9 వాట్ల బల్బు 111 గంటలు వెలుగుతుంది. దీనికే కిలోవాట్ అవర్ అని పేరు.

మరి మెగావాటు అంటే ఏమిటి?

టెక్కలికి దగ్గరలో కాకరాపల్లి తంపర భూములున్నాయి. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కట్టాలని తలపెట్టారు. ఊళ్ళవారు వద్దన్నారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. నేనప్పుడు ఆ చుట్టుపక్కలే ఒక బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, 2,640 మెగావాట్లంటే రోజుకా, నెలకా?" అని అడిగాడు.

అది పెద్దలు కూడా అడగవలసిన ప్రశ్న. నేను వాడికి వాళ్ళ కొబ్బరితోటలోని మోటారును గుర్తుచేశాను. మోటారు నిమిషానికి 100 లీటర్లు తోడుతుందనుకోండి. అది దాని జోరు. గంటసేపు తిరిగితే తొట్టిలో 6,000 లీటర్లు చేరతాయి. అది మొత్తం. మెగావాటు జోరును చెబుతుంది, యూనిట్ మొత్తాన్ని చెబుతుంది. కనుక మెగావాటుకు "రోజుకా, నెలకా" అన్న మాటే లేదు.

తరువాత అందరం కలిసి నల్లబల్ల మీద లెక్క వేశాం. ఒక మెగావాటు అంటే 1,000 కిలోవాట్లు. అంటే గంటకు 1,000 యూనిట్లు. 2,640 మెగావాట్ల కేంద్రం ఒక రోజల్లా పూర్తి జోరుతో నడిస్తే 2,640 × 1,000 × 24 = 6,33,60,000 యూనిట్లు. పది లక్షల యూనిట్లను ఒక మిలియన్ యూనిట్ అంటారు కనుక, పత్రికలలో ఇదే 63.36 మిలియన్ యూనిట్లని కనిపిస్తుంది. ఇంటికి రోజుకు 5 యూనిట్ల చొప్పున కోటీ 26 లక్షల ఇళ్ళకు చాలుతుంది!

పిల్లల ముఖాలు వెలిగాయి. అప్పుడు రెండో లెక్క ఇచ్చాను. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ తయారుకావాలంటే సుమారు 700 గ్రాములు కాలాలి. ఆ లెక్కన రోజుకు 44 వేల టన్నులు! తరగతి నిశ్శబ్దమైపోయింది. ఇళ్ళలో దీపాలు, తంపర పక్కన బూడిద, రెండూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నాయి. కేంద్రం కావాలనేవారూ వద్దనేవారూ ఈ రెండు లెక్కలూ తెలిసి మాట్లాడాలి గదా!

ఈ రాత్రి మీ మీటరులోని అంకె రాసుకోండి. రేపు ఇదే వేళకు మళ్ళీ చూసి, తీసివేత చేయండి. మీ ఇంటి ఒకరోజు ఖర్చు ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. దానిని 700తో గుణించి, ఎన్ని గ్రాముల బొగ్గో అమ్మకూ నాన్నకూ చెప్పండి.