రెండో నెల, నాలుగు షహర్లు

మా ఖాందాన్‌లో హమల్ సంగతి మూడు నెలలు నిండేదాకా బయటికి చెప్పరు. నజర్ తగులుతుందని. ఆ మూడు నెలలూ మగ్రిబ్ అయ్యాక గడప దాటొద్దు, చెట్టు కింద నిలబడొద్దు, మయ్యత్ ఇంటికి పోవద్దు అంటూ మా నానీ చెప్పిన జాబితా ఒకటుంది. విమానం ఆ జాబితాలో లేదు. ఆమె కాలంలో కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రైలెక్కడమే పెద్ద సఫర్.

2015 మేలో పారిస్, బార్సిలోనా, కొర్డోబా, గ్రనాడా తిరిగొద్దామనుకున్నాం. రెండేళ్లు జమ చేసుకున్న డబ్బు. బాబుకు స్కూలు సెలవులు. వీసాలు చేతికొచ్చాయి, టికెట్లేమో వాపసు తీసుకునే రకం కాదు. బయల్దేరడానికి పన్నెండు రోజుల ముందు నాకు నెల తప్పిందని తెలిసింది. అప్పటికి నా ఉమ్ర్ 36. 2013లో పదో వారంలో ఒకటి పోయింది. అందుకే ఈసారి ఇంట్లో ఖుషీ కంటే ఖౌఫ్ ఎక్కువ.

అమ్మీ ఫోన్‌లో "యూరప్ ఎక్కడికీ పోదు బేటీ, మళ్లీ పోవచ్చు" అంది. మా సాస్ ఇంకో మాట అంది. "పోయినసారి ఆఫీసు, ఆటో అంటూ తిరిగావు గనకే దుల్హన్..." అని ఆగిపోయింది. ఆ వాక్యాన్ని రెండేళ్లుగా ఎవరూ పూర్తి చేయలేదు. నేను మాత్రం రోజూ పూర్తిగా వింటూనే ఉన్నా.

డాక్టరమ్మ దగ్గర ముందు ఆ సంగతే అడిగాను, సఫర్ సంగతి తర్వాత. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో ఎక్కువ భాగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయనీ, అది మొదట్లోనే జరిగిపోయి ఉంటుందనీ, ఆటో ఎక్కితే పోయేది కాదు, మంచం మీద పడుకుంటే ఆగేది కాదనీ చెప్పింది. ఇంత చిన్న మాట రెండేళ్ల కిందట ఎవరూ ఎందుకు చెప్పలేదో! మెట్లు దిగుతూ ఏడ్చాను. ఆయన భయపడి ఏమైందన్నారు. ఏమీ కాలేదన్నా.

షర్తులు కొన్ని పెట్టింది. పోయే ముందు స్కాన్ తీసి పిండం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఇరుక్కుందా చూడాలి. గుండె కొట్టుకోవడం కనిపించాలి. ఏడో వారంలో రెండూ సరిగ్గా కనిపించాయి, అల్‌హందులిల్లా. విమానంలో గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు బాగా తాగాలి, ఫోలిక్ యాసిడ్ గోళీ మరవొద్దు. స్కాన్ రిపోర్టూ, బ్లడ్ గ్రూపు కాగితమూ చేతి సంచిలోనే ఉండాలి. విమానాలవాళ్లు మామూలుగా 28 వారాల దాకా డాక్టర్ చిట్టీ అడగరు కాబట్టి అదేం ఫికర్ కాదు. ఫికర్ పెట్టింది ఇన్సూరెన్సు. షెంగెన్ వీసాకు 30,000 యూరోల బీమా తప్పనిసరి, తీసుకున్నాం. సన్న అక్షరాలు చదవడం నా పేషా గనక చదివాను. హమల్‌కు సంబంధించినదేదీ అందులో రాదు. ఖర్చంటూ వస్తే మా జేబులోంచే అనుకుని కొంత డబ్బు పక్కన పెట్టుకున్నాం.

పారిస్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వాసనలే గుర్తున్నాయి. కాఫీ, జున్ను, మెట్రోలో సెంట్లు. మెట్రో 1900 నాటిది, చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. వికారంతో ఆ మెట్లెక్కుతుంటే ఐఫిల్ టవర్ మీద ఉన్న షౌక్ సగం దిగిపోయింది. ఆ జనవరిలోనే అక్కడ హమ్లాలు జరిగాయి. వీధుల్లో, మస్జిద్ ముందు కూడా, తుపాకులతో సిపాయీలు. ముఖం కప్పే నఖాబ్ మీదే అక్కడ పాబందీ, తలమీద దుపట్టాకు వీధిలో అడ్డు లేదు. అయినా చూపులు తగిలాయి. ఒకావిడ మాత్రం నా మొహం చూసి లేచి సీటిచ్చింది.

1926లో తెరిచిన పారిస్ పెద్ద మస్జిద్‌కు పోయాం. దాన్ని ఆనుకునే చాయ్‌ఖానా ఉంది. పుదీనా చాయ్ గ్లాసుల్లో ఇస్తారు. నాలుగు రోజుల్లో నా కడుపులో నిలిచింది అదొక్కటే. మిగతా టైమంతా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గుర్తొస్తూనే ఉన్నాయి.

నమాజ్ సంగతి అడుగుతారని తెలుసు. పదిహేను రోజుల లోపు సఫర్ కాబట్టి ఖస్ర్, నాలుగు రకాత్‌లకు రెండు. అది ఆసానే. కష్టమంతా ఇషాతోనే. మే నెలాఖరులో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటాక మునుగుతాడు, ఇషా వఖ్త్ వచ్చేసరికి పదకొండున్నర అవుతుంది. రెండో నెలలో నిద్ర ఎలా ముంచుకొస్తుందో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మేం హనఫీలం, రెండు నమాజులు కలిపి చదివే తరీఖా మాది కాదు. అసర్ చదివేసి ఏడింటికి పడుకునేదాన్ని, మగ్రిబ్‌కు ఆయన లేపేవారు. మంచం అంచున కూర్చుని తూగుతూ ఇషా కోసం చూసేదాన్ని.

బార్సిలోనాకు రైల్లో ఆరున్నర గంటల పైమాటే. దిగిన రెండో రోజు ఫజర్‌కు లేస్తే బట్టల మీద మరక. చిన్నదే. 2013లో కూడా చిన్నదిగానే మొదలైంది. కాసేపు గుసల్‌ఖానాలో నేల మీద కూర్చుండిపోయా. తలుపు అవతల బాబు టీవీలో అర్థంకాని భాషలో కార్టూన్లు చూస్తున్నాడు.

మా హోటల్ రవాల్ మహల్లా పక్కన. అక్కడ పాకిస్తానీ దుకాణాలు వరసగా ఉంటాయి. ఆయన పరుగున పోయి, తెరిచి ఉన్న మొదటి దుకాణంలో ఉర్దూలో అడిగారు, ఆడ డాక్టరుండే ఆస్పత్రి ఎక్కడని. పంజాబ్‌లోని గుజ్రాత్ వైపు మనిషట. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఇంటికి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఆయన బీవీ వచ్చింది. పిల్లల బళ్ల చుట్టూ తిరిగి స్పానిష్ నేర్చుకున్న మనిషి. "చలియే బాజీ" అని నా చెయ్యి పట్టుకుంది. ఉర్దూ మీడియంలో చదివితే ఏం పనికొస్తుందని నన్ను కాలేజీలో చాలామంది అడిగారు. తెలుగు డిగ్రీ చేసి, తెలుగులోనే రాసి బతుకుతున్న నాకు ఆ ఉర్దూ బార్సిలోనాలో పనికొచ్చింది.

ఆస్పత్రిలో ముందు బ్లడ్ గ్రూపు అడిగారు. తల్లిది నెగటివ్ అయితే ఒక ఇంజెక్షన్ గురించి ఆలోచించాల్సి ఉంటుందట. నాది పాజిటివ్, కాగితం చేతిలో ఉంది. పోయినసారి స్కాన్ చేసిన మనిషి ఏమీ మాట్లాడకుండా తెరను తనవైపు తిప్పుకున్నాడు. నాకు సంగతి అప్పుడే తెలిసిపోయింది. ఈ డాక్టరమ్మ కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెరను నావైపు తిప్పింది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, మధ్యలో ఏదో టపటపా కొట్టుకుంటోంది. ఆపా తర్జుమా చేయబోయి ఆగింది. అవసరం లేకపోయింది.

ఇలా కొద్దిగా కనిపించి ఆగిపోవడం చాలామందికి ఉంటుందన్నారు. ఎక్కువైనా, కడుపులో తీవ్రంగా నొప్పి లేచినా, కళ్లు తిరిగి పడినా వెంటనే రావాలి, లేకపోతే 112కు ఫోన్ చేయాలి. బిల్లు మేమే కట్టుకున్నాం. ఒక మస్‌అలా కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. హమల్‌లో కనిపించే ఖూన్‌ను మన హనఫీ ఫిఖ్‌లో హైజ్ అనరు, ఇస్తిహాజా అంటారు. నమాజ్ మాఫ్ కాదు, తాజా వుజూతో చదువుకోవాలి. ఆ రోజు నాకది ఆసరా అయింది.

ఆయనా బాబూ సగ్రాదా ఫమీలియా చూడ్డానికి పోయారు. నేను ఆపా ఇంట్లో పెసరపప్పు ఖిచిడీ తిన్నాను. ఇంకాస్త వడ్డించబోతే "నక్కో ఆపా" అన్నాను. ఆ నక్కో విని ఆమె నవ్విన నవ్వు! రోజంతా పిల్లలతో అనిపించింది.

కొర్డోబా మానుకుందామన్నారు ఆయన. మరక ఆగి రెండు రోజులైంది, నేను పోదామన్నా. స్కూల్లో మా ఉర్దూ సార్ ఇక్బాల్ సాబ్ 1933లో అక్కడికి పోయిన సంగతీ, మస్జిదె ఖుర్తుబా మీద రాసిన నజ్మ్ సంగతీ చెబుతూ కళ్లద్దాలు తుడుచుకునేవారు. మొదటి అబ్దుర్ రహమాన్ కట్టించడం మొదలుపెట్టిన మస్జిద్ అది, 1236 నుంచి చర్చి. బయట ఎండ, లోపల చల్లదనం. 850కి పైగా స్తంభాలు, ఎర్రా తెల్లా పట్టీల కమాన్లు. నమాజ్‌కు ఇజాజత్ లేదు. మెహరాబ్ ముందు కటకటాలు. అది మక్కా వైపు కాకుండా బాగా దక్షిణానికి తిరిగి ఉందని ఆయన ఫోన్‌లో ఖిబ్లా చూసి గుసగుసగా చెప్పారు. స్తంభానికి ఆనుకుని మనసులోనే దువా చేసుకున్నా. ఏం అడిగానో చెప్పక్కర్లేదు కదా.

గ్రనాడాలో అల్‌హంబ్రా ఎత్తు మీద ఉంది, సగమే చూశాను. 2003లో తెరిచిన కొత్త మస్జిద్ అల్బైసిన్ గుట్ట మీద ఉంది. అక్కడ జుహర్ జమాత్‌తో చదివాం. ఆ నాలుగు రకాత్‌లకే కాళ్లు వణికాయి.

పాప 2016 జనవరిలో పుట్టింది. కానీ నేను చెప్పదలచింది అంతకు ముందుది, మేం తిరిగొచ్చిన వారం సంగతి. రాత్రి నా కాళ్లకు నూనె రాస్తూ మా సాస్ బార్సిలోనా మరక గురించి విన్నది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు రెండు పోయాయి. నీళ్ల బిందె ఎత్తావని మా సాస్ అన్నది. నలభై ఏళ్లుగా నేనూ అదే అనుకుంటున్నా" అంది. నూనె గిన్నె పక్కన పెట్టి, "ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందో ఇంకోసారి చెప్పు దుల్హన్, మెల్లగా చెప్పు" అంది.