గూడ్సు వెళ్లాక

జూన్ 9, 2025, సోమవారం

స్టూడియోలో చేరిన మొదటిరోజే మైకు చేతికిస్తారనుకున్నాను. మాస్టారు ఇవ్వలేదు. ఖాళీ గదిలో కండెన్సర్ మైకు నిలబెట్టి, ఫ్యాను, ఏసీ ఆపించి, హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించారు. "ఐదు నిమిషాలు. ఏం వినబడితే అది రాయి" అన్నారు.

గది నిశ్శబ్దంగానే ఉందనుకున్నాను. రాయడం మొదలుపెడితే పేజీ నిండింది. ట్యూబులైటు చోకు జుయ్యిమనడం. గోడ అవతల కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు. హార్బరులో ఏదో ఓడ కూత. నేవీ విమానం. వీటన్నిటికీ అడుగున, చెవికంటే ముందు ఛాతీకి తెలిసే ఒక అదురు.

"అది గూడ్సు. కిరండూల్ నుంచి కొండలు దిగొచ్చిన ఖనిజమో, పోర్టులో ఎక్కించిన బొగ్గో. జ్ఞానాపురంలో స్టూడియో పెట్టినవాడికి మీటర్లు చదవడం కంటే ముందు గూడ్సుల టైము తెలియాలి" అన్నారు మాస్టారు. గోడకు అంటించిన కాగితం చూపించారు. పెన్సిలుతో రాసిన టైములు, కొట్టివేతలు, మళ్లీ రాసినవి. ఏళ్లుగా రాస్తున్నారట.

జూన్ 14, శనివారం

హమ్. ఇవాళంతా అదే పని. రికార్డు చేసినదాంట్లో సన్నగా తుమ్మెద మోత. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ మోత 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాలు 100, 150 దగ్గర కూర్చుంటుంది. ఫిల్టరు పెట్టి తీసేద్దామనుకున్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. వచ్చే దారి మూసెయ్యకుండా ఎంత తుడిచినా లాభం లేదన్నారు. లాప్‌టాప్ చార్జరు ఒక గోడ ప్లగ్గులో, మిక్సరు ఇంకో గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండు ఎర్తుల మధ్య కేబులులోంచి కరెంటు తిరుగుతోంది. రెండిటినీ ఒకే బోర్డుకి మార్చగానే మోత ఆగిపోయింది.

జూన్ 21, శనివారం

మైకుని నోటికి దగ్గర పెడితే గొంతు లావవుతుంది, దూరం జరిపితే గది కూడా పాడుతుంది. దూరం రెట్టింపయితే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఈ లెక్క కాగితం మీద రెండు నిమిషాల్లో వచ్చేసింది, చెవికి ఎక్కడానికి వారం పట్టింది. నా చేత ఒకే పేరాని పది దూరాల్లో చదివించి, వాటిని కలగాపులగం చేసి, ఏది ఎంత దూరమో చెప్పమన్నారు. ఇవాళ పదిలో ఏడు చెప్పగలిగాను.

మాస్టారు పాత మద్రాసు రోజుల గురించి చెప్పారు. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న ఘంటసాల గారి తరం పాడేటప్పుడు పాటంతా ఒక్క ఊపులో, వాద్యాలన్నిటితో కలిపి రికార్డయ్యేది. వయొలిన్ ఒక్కచోట తప్పితే అందరూ మళ్లీ పల్లవి నుంచే. మిక్సింగు అంటే మనుషుల్ని కూర్చోబెట్టడం. గట్టిగా మోగే వాద్యం వెనక్కి, మెత్తనిది ముందుకి, గాయకుడు మైకు దగ్గరికి. ఫేడర్లు నేర్చుకునే ముందు నేనూ కుర్చీలు జరపడమే నేర్చుకోవాలి.

రాత్రి ఇంటికొచ్చేసరికి నాన్న టీవీ పెద్దగా పెట్టుకుని ఉన్నాడు. గాజువాక వైపు షెడ్లలో 30 ఏళ్లు ప్లేట్ల మీద సుత్తులు, గ్రైండర్ల మధ్య గడిపిన మనిషి. చెవి పరీక్ష కాగితం ఇవాళ మళ్లీ తీసి చూశాను. కింది స్వరాలన్నీ బాగానే ఉన్నాయి. గీత 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడినట్టు దిగిపోయింది. స, శ, త నిలబడే చోటు అదే. అందుకే నాన్నకి మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు. ఇన్నేళ్లూ "ఏటీ?" అన్నప్పుడల్లా విసుక్కున్నాను. ఒక గీత చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

జూలై 5, శనివారం

విజయనగరం వైపు నుంచి జముకుల కథ బృందం వచ్చింది. కథ చెప్పే తాత, ఇద్దరు వంతలు. ఎల్లమ్మ కథలో ఒక ఘట్టం.

జముకుని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. డోలులాంటి గుల్ల, ఒక మూతికి తోలు, రెండో మూతి ఖాళీ. తోలు నడిమధ్య నుంచి ఒక తంతి గుల్లలోంచి బయటికొస్తుంది. దాన్ని ఒక చేత్తో బిగలాగి, ఇంకో చేత్తో మీటుతారు. లాగేకొద్దీ స్వరం పైకెక్కుతుంది, వదిలితే జారుతుంది. తాత ఆడవాళ్ల మాట చెప్పేటప్పుడు జముకు కూడా గొంతు మార్చింది.

తోలు ఎదురుగా ఒక మైకు, ఖాళీ మూతి దగ్గర ఇంకొకటి పెట్టాను. విడివిడిగా రెండూ అద్భుతంగా ఉన్నాయి. కలిపి వింటే జముకు చచ్చిపోయింది. తంతి గీరు మాత్రం మిగిలి, ఆ కడుపులోంచి వచ్చే గుంభనం మాయం. మైకులు మార్చాను, కేబుళ్లు మార్చాను, చెమట పట్టేసింది. మాస్టారు మాట్లాడకుండా వచ్చి మిక్సరు మీద ఫేజ్ బొత్తాం ఒక్కటి నొక్కారు. గది నిండా జముకు.

తర్వాత తోలు మీద నా అరచెయ్యి పెట్టించి తాతని మీటమన్నారు. తోలు బయటికి ఉబ్బినప్పుడు ఎదురు మైకు మీదికి గాలి తోసుకొస్తుంది. అదే క్షణంలో ఖాళీ మూతి దగ్గర గాలి లోపలికి పోతుంది. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతోంది, రెండూ కలిపితే చెల్లుకు చెల్లు. ఒకదాన్ని తిరగేస్తే రెండూ ఒకే వైపు తోస్తాయి. పుస్తకంలో తరంగాల బొమ్మలు చాలాసార్లు చూశాను. ఇవాళ చేతికి తగిలింది.

అసలు కష్టం గూడ్సుతో వచ్చింది. గొంతుల మైకులకి 80 హెర్ట్జ్ కింద లో కట్ పెట్టేస్తే రైలు అదురు చాలామటుకు పోతుంది. జముకుకి అలా చెయ్యలేం. దాని కడుపు శబ్దం ఉండేదీ ఆ అడుగునే. రైలుని కోస్తే జముకు కూడా తెగుతుంది. కాబట్టి ఆగడమే దారి. మూడు టేకులు బండ్లకే పోయాయి. నేను తాతకి క్షమాపణ చెప్పబోతే, "బండిని ఎల్నీ అమ్మా. కథ ఎక్కడికీ పోదు" అన్నారు.

నాలుగో టేకు. పద్నాలుగు నిమిషాలు. ఎవరూ దగ్గలేదు.

జూలై 8, మంగళవారం

మిక్సింగు. ఉదయం నుంచి కంప్రెసరుతో కుస్తీ. నాలుగుకి ఒకటి చొప్పున నొక్కితే తాత గొంతు సమంగా వచ్చింది, కానీ అరుపుకీ గుసగుసకీ తేడా పోయింది. ఆ తేడాయే కథ. తీసేశాను. సౌండు పెద్దగా పెట్టుకుని వింటే ఏ మిక్సయినా బాగుంటుంది. తగ్గిస్తే ముందు కింది స్వరాలు జారిపోతాయి. చెవి తత్వమే అంత. బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి వక్రరేఖలు ప్రచురించింది 1933లో. అందుకే మాస్టారు పక్కన కూర్చుని మాట్లాడుకునేంత సౌండులోనే మిక్స్ చెయ్యమంటారు.

జముకు మీద మోజుతో దాన్ని పైకి లేపేశాను. మాస్టారు పూర్తిగా విని ఒక్కటే అడిగారు: "ఎల్లమ్మ ఏమంది?" చెప్పలేకపోయాను. జానపద కవి వంగపండు ప్రసాదరావు గారి పాట ఎంత డప్పు మోగినా మాటతో సహా జనం నోళ్లలోకి వెళ్లింది. ఉత్తరాంధ్ర పాటలో మాట పోతే మిగిలేది చప్పుడే. ఈ కథలు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. రేపు ఈ రికార్డు ఒక్కటే మిగిలితే, అందులో మాట తెలియకపోతే తప్పు నాది.

నాన్న కోసం 4000 దగ్గర లేపి చూశాను. నా చెవులకే గుచ్చుకుంది. అది వదిలేసి, మాట వచ్చిన ప్రతిచోటా జముకుని చేత్తో 2 డెసిబెల్స్ దించి, మాట అవ్వగానే ఎత్తాను. పద్నాలుగు నిమిషాల నిడివికి ఐదు గంటలు.

జూలై 13, ఆదివారం

నాన్నని స్టూడియోకి తీసుకెళ్లాను. మాస్టారు తన కుర్చీ ఇచ్చారు. కథ మొదలైంది. నాన్న చూపు నేల మీద. ఎల్లమ్మ మాట దగ్గర పెదవులు కదిపాడు, తాత కంటే ఒక్క అడుగు ముందే. చిన్నప్పుడు ఊళ్లో విన్నాడట. మాట తెలుస్తోందా అని అడగలేదు, అడగక్కర్లేకపోయింది.

చివరికొచ్చేసరికి నాన్న చెయ్యి బల్ల మీద ఆనించాడు. షెడ్డులో మిషను బేరింగు చూసినట్టు, అరచెయ్యి మొత్తం.

"ఇందులో గూడ్సు ఎల్తంది" అన్నాడు.

లేదన్నాను. నాలుగో టేకు, బండి లేకుండా చూసుకునే చేశామన్నాను. మాస్టారు ఏమీ అనకుండా స్క్రీను మీద స్పెక్ట్రమ్ తెరిచారు. చివరి పదకొండు సెకన్లలో, 40 హెర్ట్జ్ కింద, పలచని పట్టీ ఒకటి మెల్లగా లావవుతోంది. జముకు చాటున మా ఇద్దరికీ వినబడలేదు.

తాతకి ఫోన్ చేశాను. చివరి చరణం మటుకు మళ్లీ చెప్పడానికి శనివారం వస్తామన్నారు. గోడ మీద కాగితంలో ఆ బండి టైము లేదు. పెన్సిలు తీసుకుని రాశాను: సాయంత్రం 4.40.