తమకలో గ్రీస్ గన్ బేరం

కోలారుకు ఆనుకుని బెంగళూరు హైవే మీద ఉంటుంది తమక. దేవరాజ అరసు వైద్య కళాశాల, జాలప్ప ఆసుపత్రి, తోటల కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం, పారిశ్రామిక వాడ అన్నీ ఒకే చోట చేరిన ఊరు. బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి గానీ, టీ అంగడి దగ్గర నిలబడితే చెవిన పడే మాటల్లో సగం తెలుగే. నేను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం రేకుల కప్పు కింద నడిచే ఒక ట్రాక్టర్ షెడ్డును. దాన్ని నడిపే మేస్త్రీకి అరవై దాటాయి. వాళ్ల నాయన కోలారు బంగారు గనుల్లో ఒకటైన ఛాంపియన్ రీఫ్‌లో వైండింగ్ ఇంజన్ దగ్గర పనిచేశారట. 2001లో ఆ గనులు మూతపడే నాటికే కొడుకు ట్రాక్టర్ల పనిలో స్థిరపడ్డాడు. "తిరిగేదానికి తిండి పెట్టాల" అని తండ్రి చెప్పిన మాటను ఆయన ఇప్పటికీ తలచుకుంటాడు.

నేను వెళ్లేసరికి శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చిన ఒక రైతు రోటవేటర్‌ను దించి నిలబెట్టాడు. ట్రాక్టర్ బలాన్ని దానికి అందించే పీటీఓ షాఫ్టులో క్రాసు బేరింగ్ పగిలిపోయింది. సూదుల్లాంటి రోలర్లు తుప్పు పొడిగా రాలుతున్నాయి. పైన గ్రీసు ఎక్కించే నిప్పుల్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

"అన్నా, వారం వారం గ్రీస్ కొడతానే ఉండాను. ఎట్ల పోయింది?" అన్నాడు రైతు.

"కొట్టినావు నాయనా. అది లోపలికి పోయిందా అని చూసినావా?"

ఆ ప్రశ్న దగ్గరే నా పర్యటన అసలు మొదలైంది. మేస్త్రీ ఆ రైతు గన్ తెప్పించి నిప్పుల్ మీద పెట్టి కొట్టాడు. గ్రీసంతా గన్ మూతి చుట్టూ బయటికి కక్కింది, బేరింగ్‌లోకి ఒక్క చుక్క కూడా పోలేదు. మూతి లోపలి పళ్లు అరిగిపోయి నిప్పుల్ మెడను పట్టుకోవడం లేదు. బయట కనబడ్డ గ్రీసునే చూసి రైతు తృప్తి పడ్డాడు. ఇట్లాంటివి ఈ షెడ్డుకు చాలా వస్తాయట.

గ్రీస్ గన్ కొనేవాళ్లు మొదట అడిగేది ఎంత ప్రెషర్ అనే. చేతి లీవర్ గన్‌లు పది వేల పీఎస్ఐ దాకా పోతాయని డబ్బా మీద రాసుంటుంది. మేస్త్రీ చెప్పే వరుస వేరు, నాకూ అదే సరైనదనిపించింది. ముందు మూతి చూడాలి, తర్వాత హోసు, ఆ తర్వాతే గన్. అంగడికి పోయేటప్పుడు జేబులో ఒక పాత నిప్పుల్ వేసుకుని పొమ్మంటాడు. గన్ మూతిని దానికి తగిలించి లాగి చూడాలి. సులువుగా ఊడొచ్చినా, ఒకవైపు వాలినా తీసుకోవద్దు. బొటనవేలితో నొక్కితే పట్టు వదిలే లాక్ రకం మూతులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ఒంటరిగా పనిచేసే రైతుకు అవి చాలా ఉపయోగం, ఎందుకంటే మూతిని ఒక చేత్తో అదిమి పట్టుకోవాల్సిన పని తప్పుతుంది.

ఒకే గన్ మహీంద్రాకూ, స్వరాజ్‌కూ, రోటవేటర్‌కూ సరిపోవడం వెనక ఒక చరిత్ర ఉంది. లోపల స్ప్రింగు మీద చిన్న బాల్, బయట గుండ్రటి తల ఉన్న ఈ నిప్పుల్‌కు వియన్నాలో పుట్టిన ఆస్కార్ జెర్క్ 1929లో అమెరికాలో పేటెంట్ పొందాడు. గ్రీసు తోసినప్పుడు బాల్ వెనక్కి జరిగి దారి ఇస్తుంది, ఆగగానే మూసుకుంటుంది. ఆ బాల్ దగ్గర ఎర్రమన్ను పేరుకుంటే గన్‌తో కొట్టిన ప్రతిసారీ మన్ను కూడా లోపలికి పోతుంది. అందుకే మేస్త్రీ చంకలో ఎప్పుడూ ఒక గుడ్డ ఉంటుంది. తుడవకుండా గన్ తగిలించిన కుర్రాడిని ఆయన నా ముందే కసిరాడు.

హోసు సంగతి కోలారు రైతులకు మరీ ముఖ్యం. ఇక్కడ టమోటా సాళ్ల కోసం రోటవేటర్ ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. పీటీఓ షాఫ్టు క్రాసులో నిప్పుల్ లోపలి వైపు తిరిగి, గార్డు వెనక దాక్కుని ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, షాఫ్టును చేత్తో తిప్పితేగానీ అది కనబడదు. గన్‌తో వచ్చే ఇనుప గొట్టం అక్కడికి వంగదు. జానెడున్నర రబ్బరు హోసు ఉంటే అందుతుంది. ముందు యాక్సిల్ మధ్య పిన్నుకూ, కింగ్ పిన్నులకూ గొట్టమే చాలు. రెండూ మార్చి బిగించుకునే గన్ తీసుకుంటే మంచిది.

ఇక గన్ రకాలు. పొడవు లీవరున్నదానికి బలం ఎక్కువ, కానీ రెండు చేతులూ కావాలి. పిస్తోలు పిడిది ఒక చేత్తో కొట్టొచ్చు, బలం తక్కువ. కాలితో తొక్కే బకెట్ పంపు అద్దెకు ట్రాక్టర్లు తిప్పేవాళ్లకే తగినది. సొంతానికి ఒక ట్రాక్టరూ రెండు పనిముట్లూ ఉన్న రైతుకు హోసు బిగించిన లీవర్ గన్‌ను మించింది లేదని నా అభిప్రాయం కూడా. బ్యాటరీది చూడముచ్చటగా ఉంటుంది గానీ, సీలున్న బేరింగ్‌లో ఎప్పుడు ఆపాలో చేతికి తెలియదు. లీవరు బరువెక్కగానే మన చెయ్యి ఆగుతుంది. బ్యాటరీ ఆగదు, సీలు తన్నుకుని బయటికొస్తుంది.

మనవైపు అంగళ్లలో 'ఏపీ త్రీ' పేరుతో ఎక్కువగా దొరికే గ్రీసు మూడో నంబరుది, కాస్త గట్టిది. కోలారు చలికాలం పొద్దున అది గన్‌లో కిందికి జారదు, గాలి పట్టేస్తుంది. లీవరు ఎంత కొట్టినా ఏమీ రాదు, గన్ చెడిపోయిందని పారేసేవాళ్లూ ఉన్నారు. గాలి వదిలే స్క్రూ ఉన్న గన్ తీసుకుంటే ఈ బాధ తీరుతుంది. డబ్బాలోంచి వదులు గ్రీసు నింపేటప్పుడు గన్ తల విప్పి, బ్యారెల్ తెరిచిన కొనను గ్రీసులో బాగా ముంచి మెల్లగా రాడ్ లాగాలి. తొందరపడితే గాలి కూడా లోపలికి వస్తుంది. రెండో నంబరు గ్రీసు అయితే ఇంత తంటా ఉండదు.

నిప్పుల్ మూసుకుపోతే ఇంకా గట్టిగా కొట్టడం ప్రమాదం. హోసుకు సన్న చీలిక పడి ఉంటే గ్రీసు సూదిలా దూసుకొచ్చి చర్మంలోంచి లోపలికి పోతుంది. బయట సన్న చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ చచ్చిపోతుంది. పసుపు రాసుకుని పడుకుంటే వేలు పోవచ్చు, చెయ్యే పోవచ్చు. అదే గంటలో ఆసుపత్రికి పోయి, ఏ గ్రీసు, ఎంత ఒత్తిడి అన్నది డాక్టరుకు చెప్పాలి. మేస్త్రీ షెడ్డు గోడ మీద సుద్దతో ఒక మాట రాసిపెట్టాడు: హోసు మీద చెయ్యి పెట్టొద్దు.

బిగుసుకున్న నిప్పుల్‌ను విప్పి డీజిల్‌లో కడిగితే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే కొత్తది వేస్తారు. దాని ఖర్చు బేరింగ్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

రైతు చివరికి లాక్ మూతి ఉన్న లీవర్ గన్, హోసు, గుప్పెడు నిప్పుల్స్ తీసుకున్నాడు. కొత్త క్రాసు బిగించాక మేస్త్రీ గన్ అతని చేతికే ఇచ్చాడు. నాలుగు వైపులా తాజా గ్రీసు బయటికి కనబడేదాకా కొట్టించాడు.

"ఇట్ల నాలుగు పక్కలా రావాల. ఒక పక్క రాలేదంటే ఆ పక్క ఎండిపోయినట్లే," అన్నాడు. "ఇంగ వారానికోసారి అని లెక్క పెట్టుకోవద్దు. బురదలో దిగినావంటే ఆ రోజు సాయంత్రమే కొట్టు."